నేపుల్స్‌లో ఒక్క పగలు: పాంపేయా, హెర్క్యులేనియమా?

సంచారి_77
జూన్ రెండో వారం. ముందు రోజు రాత్రికి రోమ్ నుంచి నేపుల్స్ చేరతాం, మర్నాడు రాత్రి తిరుగు రైలు. చేతిలో ఉండేది ఒక్క పగలు. ఇద్దరం, పదేళ్ళ బాబు, 68 ఏళ్ళ అమ్మ. అమ్మ బాగానే నడుస్తుంది, దిగుడు అంటేనే మోకాళ్ళతో ఇబ్బంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన ఊళ్ళలో ఏదో ఒకటి చూడాలని ఉంది. పాంపే పేరు అందరికీ తెలుసు. హెర్క్యులేనియమే మేలనేవాళ్ళూ ఉన్నారు. ఏదంటారు?

లావారాయి
హెర్క్యులేనియం. తర్జనభర్జన అక్కర్లేదు. పాంపే 66 హెక్టార్లు, అంటే 160 ఎకరాల పైమాటే. మూడింట రెండొంతులు తవ్వి తీశారు. జూన్ ఎండలో అక్కడ నీడ వెతుక్కోవాల్సిందే. హెర్క్యులేనియంలో బయటపడింది నాలుగైదు హెక్టార్లు, మిగతాదంతా ఇప్పటి ఎర్కొలానో ఊరి ఇళ్ళ కింద ఉంది. రెండున్నర గంటలు పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు.

సైజు సంగతి అలా ఉంచండి, పూడిన తీరే వేరు. పాంపే మీద గంటల తరబడి ప్యూమిస్ రాళ్ళు కురిశాయి (స్నానానికి మడమలు రుద్దుకునే తేలిక రాయి అదే). ఆ బరువుకి పైకప్పులు కూలాయి, వేడి బూడిద ప్రవాహాలు ఆ తర్వాత వచ్చాయి. హెర్క్యులేనియం మీద రాళ్ళు పెద్దగా పడలేదు. వందల డిగ్రీల బూడిద, వాయువులు వరసగా దూసుకొచ్చి ఊరిని 20 మీటర్ల మందాన కప్పేసి, రాయిలా బిగుసుకుపోయాయి. బొగ్గుల బట్టీ గుర్తు తెచ్చుకోండి: కట్టెలు పేర్చి, మట్టి మెత్తి, గాలి ఆడకుండా కాలిస్తే కట్టె బూడిద కాదు, బొగ్గవుతుంది. అక్కడా అంతే. అందుకే దూలాలు, తలుపులు, మంచాలు, పై అంతస్తులు మిగిలాయి.

'కాసా దెల్ త్రమెజ్జో ది లెన్యో' అనే ఇల్లు తప్పకుండా చూడండి. ముందు హాలుకీ వెనక గదికీ మధ్య మడత తలుపుల చెక్క అడ్డం ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందటి కర్ర, నల్లగా బొగ్గై, నిలబడి ఉంది. దీపాలు తగిలించే కంచు కొక్కేలు దానికే అతుక్కుని ఉన్నాయి. నడిమి భాగం మాత్రం పోయింది. అది వెసూవియస్ పని కాదు, 18వ శతాబ్దంలో సొరంగాలు తవ్వినవాళ్ళ పని.

గోదారిగట్టు
నాలుగు ఇళ్ళు చూడటం వేరు, ఊరు చూడటం వేరండీ. హెర్క్యులేనియం థియేటర్ ఇప్పటికీ భూమిలోనే ఉంది. పాంపేలో ఫోరం (ఊరందరూ కూడే నడిమి మైదానం), రెండు థియేటర్లు, క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టిన ఆంఫీథియేటర్ (గ్లాడియేటర్ల పోటీల గుండ్రటి అరేనా), తిరగళ్ళతో సహా రొట్టెల బట్టీలు, ఒక వీధి పట్టుకుని నడిస్తే ఇవన్నీ తగులుతాయి.

పదేళ్ళ పిల్లాడికి కుడ్యచిత్రాల కంటే ఆ వీధే బాగుంటుంది. రోడ్డుకి అడ్డంగా మూడు నాలుగు ఎత్తు రాళ్ళు వేసి ఉంటాయి. మురుగు, వాన నీళ్ళు పారుతుంటే కాలు తడవకుండా ఇటు నుంచి అటు దాటడానికి. రాయికీ రాయికీ మధ్య సందు, ఆ సందుకి సరిగ్గా ఎదురుగా నల్లరాతి పలకల్లో బండి చక్రాలు అరగదీసిన గాడి. వేలు పెట్టి లోతు చూసుకోవచ్చు.

ఇక మనుషుల అచ్చులు. బూడిదలో శరీరం కుళ్ళిపోయాక ఆ ఆకారంలో ఖాళీ మిగిలింది. 1863లో జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి బయటికి తీశాడు. ఆంఫీథియేటర్ వైపున్న 'ఓర్తో దెయ్ ఫుజ్జాస్కి' తోటలో 13 మంది ఒకేచోట పడి ఉన్నారు. అవి బొమ్మలు కావని, లోపల ఎముకలున్నాయని బాబుకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

లావారాయి
దానికి హెర్క్యులేనియంలోనూ లోటు లేదు. పాత సముద్రపు ఒడ్డున పడవలు పెట్టుకునే కమానుల్లో దాదాపు 300 మంది అస్థిపంజరాలు దొరికాయి. 1980 దాకా ఊరంతా పారిపోయి బతికిపోయిందనే అనుకున్నారు.

గోదారిగట్టు
దొరికాయి, నిజమే. ఇప్పుడు ఆ కమానుల్లో చూపించేవి నకళ్ళు. అది కూడా చెప్పాలి కదా.

రైలుబండి
మీరిద్దరూ మొదటి శతాబ్దం నుంచి కొంచెం ఇటు రండి, దారి సంగతి చూద్దాం.

రెండింటికీ గారిబాల్ది స్టేషన్ కింది అంతస్తు నుంచి చిర్కుంవెసువియానా రైలు, సొర్రెంతో వైపు వెళ్ళేది. 'ఎర్కొలానో స్కావి' 20 నిమిషాలు, 'పొంపేయి స్కావి - విల్లా దెయ్ మిస్తేరి' 35 నుంచి 40. పాత పెట్టెల్లో ఏసీ ఉండదు, సీటు దొరుకుతుందన్న భరోసా లేదు, జేబుదొంగలకి పేరుపడ్డ లైను. బ్యాగు ముందుకి తగిలించుకోండి. 'షోపెరో' అన్న కాగితం అంటించి ఉంటే ఆ రోజు సమ్మె.

జనం ఎక్కువగా తప్పేది స్టేషన్ పేరు దగ్గర. పాంపే పేరుతో మూడు స్టేషన్లున్నాయి. పైన చెప్పింది పోర్తా మరీనా గేటుకి ఎదురుగానే ఉంటుంది. ఇదే సంస్థ పొజ్జొమరీనో లైనులో 'పొంపేయి సాంతువారియో' ఇంకోటి, ప్రభుత్వ రైల్వే వాళ్ళ 'పొంపేయి' మూడోది. ఈ రెండూ ఊళ్ళో, ఆంఫీథియేటర్ గేటు వైపు.

ఒకే రోజు రెండూ అని ఎవరైనా చెబితే వినకండి. కాగితం మీద కుదురుతుంది, కాళ్ళకి కుదరదు. వెసూవియస్ బిలం కూడా అంతే: బస్సు వెయ్యి మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది, ఆ పైన వదులు బూడిద బాట. ఎక్కడం కంటే దిగడమే కష్టం, కాళ్ళు జారతాయి.

పాంపే టికెట్ పేరు మీద ఇస్తారు, రోజుకి 20,000 మందికే. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. 18 లోపు వాళ్ళకి ఉచితం, అయినా టికెట్ తీసుకోవాలి. 30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఉచితంగా పెట్టుకుంటారు. నెల మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, కాబట్టి జనం ఎక్కువ, ఆ రోజు వెళ్ళొద్దు.

అమ్మగారు శాకాహారులైతే పిజ్జా మరినారా అడగండి. పేరులో సముద్రం ఉందని భయపడతారు గానీ చేపా లేదు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె.

శాతవాహన
అసలు సరుకు రెండు చోట్లా లేదు, నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. పాంపేలో 'ఫాన్' అనే ఇంటి నేల మీద మీరు చూసే అలెగ్జాండర్ మొజాయిక్ (రంగురాళ్ళ ముక్కలు పొదిగిన చిత్రం) నకలు, అసలుది మ్యూజియంది. దాని మీద పునరుద్ధరణ పనులు జరుగుతూ వచ్చాయి, వెళ్ళేముందు ఒకసారి చూసుకోండి.

తెలుగువాళ్ళు వెతికి మరీ చూడాల్సింది ఇంకోటుంది. 1938లో పాంపే 'వియా దెల్లబ్బొందాంజా' వీధి ఇంట్లో దొరికిన దంతపు బొమ్మ. జానెడు పైన, 24 సెంటీమీటర్లు. ఒంటి నిండా నగలు, రెండు పక్కలా చెలికత్తెలు. ఇలాంటివే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్‌లలో బయటపడ్డాయి, అంటే శాతవాహనుల నేల. రోమన్ నాణేలు మన కృష్ణా లోయలో దొరకడం చదివాం. ఇది ఆ వ్యాపారానికి అవతలి కొస. తల మీద నుంచి నిలువునా రంధ్రం ఉంది కాబట్టి అద్దం పిడో, బల్ల కాలో అయ్యుండొచ్చంటారు.

గోదారిగట్టు
'పాంపే లక్ష్మి' అంటారు, అదే కదా?

శాతవాహన
పేరు అలా స్థిరపడిపోయింది. పద్మం లేదు, ఏనుగులు లేవు. యక్షి అనడమే సబబు. మ్యూజియంలో అది శృంగార చిత్రాలుండే రహస్య గదిలో పెట్టారు. 14 ఏళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతోనే వెళ్ళాలి. బాబుతో వెళ్ళేముందు ఆలోచించుకోండి.

లావారాయి
ఇంకేం, నా మాటే నెగ్గింది. పొద్దున్నే హెర్క్యులేనియం, ఒంటిగంటకి వెనక్కి, గారిబాల్ది నుంచి రెండో నంబర్ మెట్రోలో ఒక్క స్టాపు కావూర్, అక్కడి నుంచి మ్యూజియం. ఎండంతా లోపలే గడిచిపోతుంది. పాంపే పెట్టుకుంటే మ్యూజియం మీద ఆశ వదులుకోవాల్సిందే.

సంచారి_77
ఇదే బాగుంది అనిపిస్తోంది. అందరికీ ధన్యవాదాలు. మా రోజు మంగళవారం. మ్యూజియం టికెట్ ముందే తీసుకోవాలా?

శాతవాహన
మంగళవారం మ్యూజియం సెలవు.

రైలుబండి
ముసుగు క్రీస్తు విగ్రహం ఉన్న సాన్సెవెరో చాపెల్ కూడా మంగళవారమే సెలవు. దాని బదులు అనుకునేరు.

గోదారిగట్టు
అయితే మళ్ళీ మొదటికొచ్చాం. ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది: వారి అమ్మగారికి దిగుడు కష్టం. ఎర్కొలానో స్టేషన్ నుంచి గేటు దాకా పది నిమిషాలు సముద్రం వైపు దిగుడే. గేటు దాటాక 20 మీటర్ల లోతున్న ఊళ్ళోకి ఇంకో వాలు. వచ్చేటప్పుడు అంతా ఎక్కాలి.

పాంపేలో పోర్తా మరీనా గేటు దగ్గర ఏటవాలు రాతి బాట ఉంది, అది వద్దు. ఆంఫీథియేటర్ గేటు నుంచి వెళ్ళండి. 'పొంపేయి పెర్ తుత్తి' అని చక్రాల కుర్చీలు కూడా పోయేలా వేసిన బాట అక్కడే మొదలై ఫోరం దాకా మూడు కిలోమీటర్ల పైచిలుకు. అంతా నడవక్కర్లేదు. అచ్చుల తోట గేటు దగ్గర్లోనే. తొమ్మిదింటికి తెరవగానే వెళ్ళి పన్నెండున్నరకి బయటపడండి. వీధుల్లో పాత తొట్లకి కుళాయిలు బిగించారు, సీసా నింపుకోవచ్చు. వ్యభిచార గృహం దగ్గర క్యూ కనిపిస్తుంది, నిలబడకండి. కింద ఇరుకు గదులు ఐదు, అంతే.

లావారాయి
దిగుడు సంగతి నేను చూడలేదు, ఒప్పుకుంటున్నా. స్టేషన్ నుంచి గేటుకి టాక్సీ ఉంటుంది, ముందే రేటు మాట్లాడుకోవాలి. గేటు దాటగానే పై బాట నుంచే ఊరంతా కాళ్ళ కింద కనిపిస్తుంది. అమ్మగారు అక్కడి దాకా వచ్చి ఆగినా చూసినట్టే.

సంచారి_77
పై నుంచి చూసి ఆగమంటే మా అమ్మ ఆగదు. రోమ్‌లో ఒక రాత్రి తగ్గించి సోమవారానికి జరపగలమేమో చూస్తాను. కుదిరితే హెర్క్యులేనియం, టాక్సీ, మ్యూజియం. కుదరకపోతే పాంపే, ఆంఫీథియేటర్ గేటు.

రైలుబండి
సోమవారానికి జరిపితే తిరుగు రైలు టికెట్ రకం చూసుకోండి. చవక టికెట్లకి తేదీ మార్పు ఉండదు.