సమస్య: కదలకుండ నుండెఁ గదలుచుండె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇదీ:

కదలకుండ నుండెఁ గదలుచుండె

ఎమ్మెస్సీ చదివే మా మనవరాలు వసారాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని పరీక్షకి బట్టీ వేస్తోంది. "ఘనపదార్థంలో ప్రతి పరమాణువూ తన చోటు వదలదు, అక్కడే ఊగుతూ ఉంటుంది" అని వినబడగానే పాదం దొరికింది. ఉయ్యాల మీద మాత్రం పూరణలు పంపకండి, నేనే నాలుగు రాసి చింపేశాను. గడువు ఆదివారం సాయంత్రం.

రేవుపంతులు:
అందరికంటే ముందు నాది.

పంటు మీఁదఁ దాత పడక కుర్చీ వేసి
కునుకు దీయసాగె గురకతోడ
నరసపురముఁ జేరె నావతోఁ గూడియే
కదలకుండ నుండెఁ గదలుచుండె

పొద్దున్న సఖినేటిపల్లి రేవులో కళ్లారా చూసిందే రాశాను. దీనికి సైన్సు అక్కర్లేదు, పంటు టికెట్టు చాలు.

కాలువగట్టు:
పడక కుర్చీ బాగుంది. గురక మరీ బాగుంది. కానీ పంతులుగారూ, నరసాపురంలో 'సా' ఏమైందండీ? దారిలో గోదాట్లో జారిపోయిందా?

రేవుపంతులు:
దీర్ఘం తగ్గితే ఊరు తగ్గిపోదులెండి. ముందు మీ పూరణ రానివ్వండి, చూద్దాం.

లంకవాసి:
నాకు పాదంలో కుండ కనిపించిందండి.

కొఱ్ఱమీను దెచ్చి కొంచెము నీళ్ళోసి
మూత పెట్టె నమ్మ ముందు గదిని
నిద్ర పట్టలేదు నీటిలోఁ దోఁకయే
కదల, కుండ నుండెఁ గదలుచుండె

నిర్వాహకుడు:
కుండని పట్టుకోవడం భలే. ఇరవై నిమిషాలు నవ్వుకున్నాను. కానీ 'కదలన్' అన్నాక ద్రుతం ఉంది కదా, 'కదలఁ గుండ' అవ్వాలి. అలా రాస్తే అది నేనిచ్చిన పాదం కాదు. చేప బతికే ఉంది, సంధి చచ్చిపోయింది.

లంకవాసి:
ఆయ్, మా ఇంట్లో కుండని గుండ అని ఎవరూ అనరండి.

కాలువగట్టు:
పాదం పుట్టిన చోటికే వెళ్దామని నా ప్రయత్నం.

సున్న దాఁకఁ జలిని జొప్పించి చూచిన
నణువు గుండె దడకు నంత మేది?
సగము క్వాంట మప్పు చచ్చినఁ దీరదు
కదలకుండ నుండెఁ గదలుచుండె

1819లో డ్యూలాంగ్, పెటీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు చెప్పిన లెక్క ప్రకారం ఒక మోలు (పరమాణువుల్ని లెక్కపెట్టే కొలత) ఘనపదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 25 జౌళ్ల శక్తి కావాలి. సీసానికి అది సరిపోయింది. గది ఉష్ణోగ్రత దగ్గర వజ్రానికి మాత్రం 6 దగ్గరే ఆగిపోయింది. 1907లో ఐన్‌స్టీన్ ఏమన్నాడంటే, పరమాణువు ఊగడానికి శక్తి ఎంతపడితే అంత తీసుకోదు, రేవు మెట్లలా సమానమైన మెట్లు ఎక్కాల్సిందే అని. వజ్రంలో పరమాణువులు తేలిక, బంధాలు బిగువు. ఊపు వడిగా ఉంటుంది కాబట్టి మెట్టు ఎత్తు. గదిలో ఉన్న కాస్త వేడికి ఆ మెట్టు అందదు. సీసం బరువూ, మెత్తనా. దాని మెట్లు చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తారు.

రేవుపంతులు:
పాఠం బాగుంది. పద్యం సంగతి చూద్దాం. ఒకటి, 'క్వా' ముందున్న 'ము' గురువు కాదా? గణం చెడింది. రెండు, అణువు అంటే మాలిక్యూల్, మీరు చెప్పేది పరమాణువు గురించి. మూడోది అసలైనది. మీ 'సగము క్వాంటము' అంటే ఎంత చల్లబరిచినా పరమాణువులో మిగిలిపోయే సగం మెట్టు ఊపు. మీ ఐన్‌స్టీన్ 1907 లెక్కలో ఆ సగం లేనే లేదు. అప్పటికి అడుగు మెట్టు అంటే సున్నాయే. సగాన్ని ప్లాంక్ 1911లో తెచ్చాడు. 1913లో ఐన్‌స్టీన్, స్టెర్న్ కలిసి దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పుట్టని అప్పుకి పత్రం రాశారు మీరు!

నిర్వాహకుడు:
'సగము' తెలుగు మాట, 'క్వాంటము'తో సమాసం కాదు. ఊది పలకక్కర్లేదు, లఘువే. అణువు విషయంలో పంతులుగారిది సైన్సు పుస్తకం మాట. పద్యంలో 'అణువణువునా' అనేవాళ్లని ఎవరాపుతారు? మూడోది నా వల్ల కాక మనవరాలిని అడిగాను. "ఆయన చెప్పింది నిజమే తాతయ్యా, కానీ పద్యంలో 1907 ఎక్కడుంది?" అంది.

కాలువగట్టు:
అమ్మాయికి నా ఆశీస్సులు. పంతులుగారూ, ఆ సగం లేకపోయినా 1907 లెక్క ఎందుకు నిలబడిందో కూడా చెప్పాల్సింది మీరు. సగం ప్రతి మెట్టుకీ ఒకేలా కలుస్తుంది. వేడి పెంచితే శక్తి ఎంత పెరిగిందన్నదే మనం కొలిచేది, అందులో ఈ సగం కనబడదు. అంటే ఇది వడ్డీ లేని అప్పు. ఏటా ఖాతాలోకి రాదు, అలాగని తీరనూ తీరదు. సాక్ష్యం కావాలంటే హీలియం ఉంది. మామూలు పీడనంలో ఎంత చల్లబరిచినా ఆ దడ వల్లే గడ్డకట్టదు. గడ్డకట్టించాలంటే దాదాపు 25 వాతావరణ పీడనాలతో నొక్కాలి.

రేవుపంతులు:
హీలియం సరే. కానీ మీ అణువు ఒంటరిగా ఊగుతోంది. పక్కవాటితో కలిసి ఊగుతుందని 1912లో డెబై సరిదిద్దాడు. బాగా చల్లబరిచినప్పుడు ఐన్‌స్టీన్ లెక్క మరీ తొందరగా పడిపోయేది అందుకే. ఆ ముక్క పద్యంలో లేదు.

కాలువగట్టు:
నాలుగు పాదాల్లో డెబైని కూడా ఇరికించమంటారా? తన పాత పద్యంలో యతి కోసం జగ్గన్నతోట ప్రభలని భోగి నాడు కౌశిక నది దాటించిన మనిషి నాకు చరిత్ర తప్పిందంటున్నారు. కోనసీమలో పుట్టినవాడెవడైనా ప్రభలతీర్థం కనుమ నాడు కాదంటాడా?

లంకవాసి:
ఆ పద్యం నాకూ గుర్తుందండి. మా మావయ్య చదివి అన్నం తినడం ఆపేశాడు. అన్నట్టు మా కొఱ్ఱమీను మధ్యాహ్నం పులుసైపోయింది.

నిర్వాహకుడు:
ఈ వారం మార్కు కాలువగట్టు గారికే, 'సగము క్వాంట మప్పు' అన్నందుకు. పంతులుగారి గురకకి రెండో స్థానం. లంకవాసి కుండకి బహుమతి లేదు గానీ పులుసు ఉంటే పంపండి. భోగి గొడవ ఇక్కడ వద్దు, దయచేసి.

రేవుపంతులు:
వద్దంటే వద్దు. భకి భ కుదిరింది, అంతే నేను చెప్పేది. కనుమ అని పెట్టి ఆ పాదం ఎవరైనా పూర్తి చేసి చూపించండి.

కాలువగట్టు:
రేపు పొద్దున్నే చూపిస్తాను. నరసాపురంలో 'సా'తో సహా.