సైడ్ స్పిన్‌తో తెల్ల బంతి గురి తప్పడం: లోపం క్యూదా, కొట్టే తీరుదా?

ప్రశ్న:
తొమ్మిది అడుగుల పూల్ టేబుల్ మీద దూరపు షాట్‌కు కుడి సైడ్ పెట్టి (తెల్ల బంతిని మధ్యకు కుడిగా తాకి, పక్కకు తిరిగేలా) గట్టిగా కొడితే తెల్ల బంతి నేను చూసిన గీతకు ఎడమగా పోతోంది. అదే గురితో మెల్లగా కొడితే కుడిగా చేరుతోంది. మేపుల్ చెక్క షాఫ్ట్ (క్యూ కర్ర ముందు భాగం) వదిలి కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌కు మారాక మొదటి తేడా తగ్గింది కానీ రెండవది పెరిగింది. దీనికి కారణమేమిటి? బరువైన బట్ (క్యూ వెనుక భాగం) తీసుకుంటే ప్రయోజనం ఉంటుందా?

మొదటి సమాధానం:
మీరు చూస్తున్నవి రెండు వేర్వేరు విషయాలండీ. టిప్ (బంతిని తాకే క్యూ కొస) బంతిని తాకి ఉండే కాలం సెకనులో సుమారు వెయ్యో వంతు మాత్రమే కాబట్టి, ఆ లోపల పక్కకు కదలడానికి అడ్డుపడేది షాఫ్ట్ కొసన ఉన్న కొద్ది అంగుళాల బరువే. ఆ బరువు ఎంత ఎక్కువైతే బంతి సైడ్‌కు ఎదురు దిశలో అంత ఎక్కువగా తొలగుతుంది. ఇదే డిఫ్లెక్షన్. బట్ బరువుకు దీనితో దాదాపు సంబంధం లేదు. కార్బన్ షాఫ్ట్ మేలు కూడా దాని గట్టిదనం వల్ల కాదు, కొస తేలికగా ఉండడం వల్ల వచ్చిందే.

ఇక వంపు, అంటే బంతి దారిలో వంగడం సంగతి. కుషన్ (టేబుల్ అంచు గట్టు) అడ్డం వల్ల క్యూ వెనుక భాగం ఎప్పుడూ కొంత పైకే ఉంటుంది. అలా కాస్త పైనుంచి కిందికి తగిలిన దెబ్బ వల్ల స్పిన్ అక్షం ఒరుగుతుంది, క్లాత్ (టేబుల్ మీది బట్ట) రాపిడి బంతిని సైడ్ పెట్టిన వైపుకే లాగుతుంది. డిఫ్లెక్షన్ కోణం వేగంతో పెద్దగా మారదు. వంపు మాత్రం మెల్లటి షాట్‌లో త్వరగా వచ్చేస్తుంది, గట్టి షాట్‌లో బంతి గమ్యం చేరేలోగా పూర్తి కాదు. ఇప్పుడు ఎడమకు తోసే డిఫ్లెక్షన్ తగ్గింది, కుడికి లాగే వంపు అలాగే ఉంది. అందుకే మెల్లటి షాట్లు ఇంకా కుడికి పోతున్నాయి. కొత్త, నున్నని క్లాత్ మీద ఈ వంపు ఆలస్యంగా వస్తుందని కూడా గమనించండి.

రెండవ సమాధానం:
పై వివరణ సరైనదే. మీ షాఫ్ట్‌ను కొలుచుకునే మార్గం చెబుతాను. ముందు తెల్ల బంతి మధ్యకు గురిపెట్టి, బ్రిడ్జ్ చేతిని (టేబుల్ మీద ఆనించి క్యూకు ఆధారంగా పెట్టే ముందు చేతిని) కదల్చకుండా వెనుక చేతిని మాత్రం ఎడమకు జరిపితే టిప్ కుడికి వస్తుంది. క్యూను వీలైనంత సమంగా ఉంచి గట్టిగా కొట్టండి. బంతి గురికి ఎడమగా పోతే బ్రిడ్జ్‌ను బంతికి దగ్గరగా, కుడిగా పోతే దూరంగా జరపాలి. గురి కుదిరిన దూరమే ఆ షాఫ్ట్‌కు తగిన దూరం. కార్బన్ షాఫ్ట్‌కు అది చేతికి సౌకర్యమైన దానికంటే ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు కొంత ఇలా తిప్పి, కొంత క్యూను సమాంతరంగా జరిపి కొట్టడం నేర్చుకోవలసి వస్తుంది.

మూడవ సమాధానం:
ఆ పరీక్షలో రెండో బంతిని పెట్టకండి. కుడి సైడ్‌తో వచ్చిన తెల్ల బంతి తగిలితే ఆ రెండో బంతి రాపిడికి కొంత ఎడమకు తోయబడుతుంది, చాలామంది దాన్ని కూడా డిఫ్లెక్షన్ ఖాతాలోనే వేసేస్తారు. ఎదుటి కుషన్ మీద ఒక చాక్ ముక్క ఉంచి, తెల్ల బంతి ఎక్కడ తగిలిందో చూస్తే చాలు.

స్నూకర్ కూడా ఆడేవారికి ఇంకొక మాట. అక్కడి బంతి 52.5 మి.మీ., పూల్ బంతి 57.15 మి.మీ. స్నూకర్ బంతి తేలిక, టిప్ సన్నం, క్లాత్‌కు నూగు ఉంటుంది. కాబట్టి ఒక టేబుల్ మీద అలవాటైన సవరింపు రెండో దాని మీద పనికిరాదు, విడిగా కొలుచుకోవలసిందే.