ఘాజీని ముంచింది రాజ్‌పుత్ బాంబులా, దాని కడుపులోని పేలుడా?

కడలికేక:
1971 డిసెంబరు 3 అర్ధరాత్రివేళ మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ విశాఖ రేవు దాటుతూ, ముందు నీళ్లు అనుమానంగా కదిలాయని రెండు డెప్త్ చార్జ్‌లు (సెట్ చేసిన లోతుకు దిగి నీళ్లలో పేలే బాంబులు) వదిలింది. కొద్ది నిమిషాలకు, 00:15 ప్రాంతంలో, ఊళ్లో కిటికీలు అదిరేంత పేలుడు. పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ అక్కడే మునిగింది, ఒక్కరూ బతకలేదు. మన నేవీ దాన్ని రాజ్‌పుత్ ఖాతాలో రాసింది. ఘాజీ తాను పరిచిన మైనే (నీళ్లలో పెట్టే మందుపాతర) దానికి తగిలిందని పాకిస్థాన్ అంటుంది. నాకు రెండోదే సరిగ్గా తోస్తోంది. డెప్త్ చార్జ్ సెకనుకు సుమారు 3 మీటర్లు దిగుతుంది. 15 మీటర్లకు సెట్ చేస్తే ఐదారు సెకన్లలో పేలాలి. మరి ఆ నిమిషాలన్నీ ఘాజీ ఏం చేస్తున్నట్టు?

సోనార్‌మిత్ర:
టైము లెక్కతో తేలదండీ. 2000 ఆగస్టు 12న రష్యా సబ్‌మెరైన్ కర్స్క్‌లో మొదటి పేలుడుకీ రెండోదానికీ మధ్య 2 నిమిషాల 15 సెకన్లు. ముందు ఒక టార్పెడో ఇంధనం పేలింది, తర్వాత పక్కనున్న వార్‌హెడ్లు (టార్పెడోల ముందుండే పేలుడు మందు) పేలాయి. అంటే మొదటి దెబ్బకీ పెద్ద పేలుడికీ మధ్య నిమిషాలు పట్టొచ్చు. రాజ్‌పుత్ పక్షానికి అసలు చిక్కు గురి దగ్గర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ డెప్త్ చార్జ్‌లో 130 కిలోల మందు ఉంటుంది. ప్రెషర్ హల్ (నీటి ఒత్తిడిని తట్టుకునే సబ్‌మెరైన్ ఉక్కు పొట్ట) చీలాలంటే అది ఆరేడు మీటర్ల లోపు పేలాలి. అందుకే ఆ యుద్ధంలో సోనార్ (శబ్దంతో నీటి అడుగున జాడ పట్టే పరికరం) పట్టు దొరికాక కూడా ఒక్క విడతకు పది దాకా వేసేవారు. పట్టు లేకుండా రెండంటే లాటరీయే. తగల్లేదని కాదు, తగిలిందనడానికి ఆధారం కావాలి.

లంగరయ్య:
ఆధారం ఉందిగా! డైవర్లు చూసినప్పుడు ముందు భాగం ఛిద్రమై, రేకులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. లోపలి పేలుడే.

సోనార్‌మిత్ర:
లంగరయ్యగారూ, రేకులు చెప్పేది చివరి పేలుడు సంగతి, మొదటిది కాదు. బయట మైన్ తగిలినా, డెప్త్ చార్జ్ తగిలినా, ముందు గదిలో టార్పెడోలు అంటుకుంటే రేకులు బయటికే వంగుతాయి. ఒక్కో మార్క్ 14 టార్పెడో వార్‌హెడ్‌లో దాదాపు 290 కిలోల టార్పెక్స్ పేలుడు మందు! చూడాల్సింది చెదరకుండా మిగిలిన వెనక భాగం. దగ్గర్లో డెప్త్ చార్జ్ పేలితే ఫ్రేముల (రేకును లోపల్నుంచి మోసే ఉక్కు చట్రాల) మధ్య రేకు లోపలికి నొక్కుకుపోయి, బక్కచిక్కిన ఎద్దు పక్కటెముకల్లా ఫ్రేములు తేలతాయి. ఆ గుర్తు చూపించండి, రాజ్‌పుత్ వాదన ఒప్పుకుంటాను.

బ్యాటరీరావు:
హైడ్రోజన్‌ని మరిచారు. ఘాజీ తరహా అమెరికన్ సబ్‌మెరైన్లలో 126 సెల్స్ చొప్పున రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు. చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ జోరుగా వస్తుంది. గాలిలో 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఘాజీ కరాచీ వదిలింది నవంబరు 14న. పైన శత్రువు తిరుగుతున్నాడని స్నార్కెల్ (నీటి పైనుంచి గాలి తీసుకునే గొట్టం) దించేసి, వెంటిలేషన్ సరిగ్గా నడపకపోతే గ్యాసు లోపలే నిలిచిపోతుంది.

కడలికేక:
కానీ ముందు బ్యాటరీ ఉండేది రెండో గదిలో, ఆఫీసర్ల బసల కింద. టార్పెడో గదికీ దానికీ మధ్య నీరు చొరని గోడ ఉంది. గ్యాసు పేలితే మొదట చితకాల్సింది ఆ రెండో గది. మైన్‌కి ఆ చిక్కు లేదు. నవంబరు, డిసెంబరుల్లో మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. అర నాట్ (గంటకు అర నాటికల్ మైలు) వేగమే అనుకున్నా 12 గంటల్లో 6 నాటికల్ మైళ్ల తేడా. యుద్ధం మొదలై తీరం దీపాలు ఆరిపోతే పెరిస్కోప్‌తో బేరింగ్ (తీరం గుర్తుల దిక్కు కొలత) తీసుకోవడానికి ఏమీ మిగలదు. తను పరిచిన వరస మీదికే తిరిగి రావడానికి అంత తేడా చాలు.

సోనార్‌మిత్ర:
మైన్లు పరిచిందంటే వరసగా పరిచి ఉండాలి, ఒక్కటే కాదు. మిగతావి ఎవరు ఏరారు, ఎక్కడ?

లంగరయ్య:
పేలుడు సంగతి అలా ఉంచండి. చిట్టగాంగ్‌లో ప్రత్యేక లూబ్రికేషన్ ఆయిల్ అడిగిన సందేశం మనవాళ్లు పట్టారు. అది సబ్‌మెరైన్లకో మైన్‌స్వీపర్లకో (మైన్లు ఏరే ఓడలకో) తప్ప పనికిరాదు. బాయిలర్ చీలిక ఉన్న మన విమానవాహక నౌక విక్రాంత్‌ని అండమాన్‌లో దాచి, రాజ్‌పుత్ చేత విక్రాంత్‌లా వైర్‌లెస్ మోగించారు. ఒక నావికుడి తల్లికి ఒంట్లో ఎలా ఉందని అడిగే మామూలు సందేశం కూడా కావాలనే బయటికి వదిలారు. అక్కడ లేని ఓడ కోసం ఘాజీని విశాఖ గుమ్మం దాకా రప్పించిన ఆ పనికి పతకం ఇస్తే నేనేమీ అనను.

సోనార్‌మిత్ర:
దానికి నేనూ అడ్డు చెప్పను. వెనక భాగం ఫొటోలు మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటాను.