ఫ్లూ తగ్గినా నాన్న కోలుకోలేదు: పథ్యం పెట్టాలా, బలమైన తిండి పెట్టాలా?

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్నకు 61 ఏళ్లు. ఫ్లూ జ్వరం 5 రోజుల్లో తగ్గింది కానీ, 3 వారాలైనా దగ్గు పోలేదు. డాబా మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నారు. ఎక్స్‌రేలో న్యుమోనియా లేదు. ఇలాంటి దగ్గు 8 వారాల దాకా ఉండవచ్చని డాక్టరుగారు అన్నారు.

నా దిగులంతా తిండి గురించే. నానమ్మ పెరుగు, గుడ్డు, చేప ముట్టనివ్వడం లేదు. మూడు పూటలా చారన్నం, మిరియాల కషాయం. జ్వరానికి కండ కరిగిపోయిన మనిషికి మాంసకృత్తులు అందాలి కదా! ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి, చారులో ఏముంటుంది? కొడుకు మీద ఆమెకున్న ప్రేమను కాదనలేను, నాన్న చిక్కిపోతుంటే చూస్తూ ఊరుకోనూ లేను.

పైగా పొగాకు బ్యారన్ (పచ్చి ఆకును కట్టెల వేడితో ఆరబెట్టే గది) పని మొదలైంది. చుట్ట మానేశారు, అదే పెద్ద ఊరట. కానీ రాత్రంతా నిద్ర మానుకుని కట్టెల పొయ్యి దగ్గర కాపలా ఉంటానంటున్నారు. ఆ పొగ, ఆ నిద్రలేమి ఇప్పుడు ఆయన తట్టుకోగలరా?

మీ ఇళ్లలో ఇలా జరిగితే పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు? నడక రోజుకు ఎంతసేపటితో మొదలుపెట్టించారు? ఎన్నాళ్లకు మళ్లీ పనిలోకి పంపారు? దయచేసి చెప్పండి.