పుట్టినప్పట్నుంచి తింటున్న రొయ్యలు ఇప్పుడు పడట్లేదేంటి?

వాల్తేరు కుర్రోడు:
మాది వైజాగే, ఆదివారం అంటే రొయ్యలే మా ఇంట్లో. పోయిన నెల ఇగురు తిన్న పావుగంటకి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, సరుకు పాడైందేమోలే అనుకున్నా, మొన్న పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కెళ్ళి ఫ్రెష్‌గా తెచ్చి తిన్నా, మళ్ళీ అదే. అమ్మేమో దిష్టి అంటది, ఆఫీసులో ఒకాయన ఇమ్యూనిటీ తగ్గింది కషాయం తాగమంటాడు. 32 ఏళ్ళు తిన్నది ఇప్పుడు పడకపోవడమేటి? చేపలు కూడా మానేయాలా?

ల్యాబ్‌కోటు:
ఇమ్యూనిటీ తగ్గడం కాదండీ, అక్కర్లేని చోట పనిచేస్తోంది. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, మీ ఒళ్ళు ఎప్పుడో దాన్ని శత్రువని పొరబడి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసుకుంది, అవి చర్మంలో పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకి అతుక్కుని కూర్చుంటాయి, అప్పటికి మీకేం తెలీదు. తర్వాత రొయ్య లోపలికెళ్ళగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనం కుమ్మరిస్తాయి, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, మీ వాపు అదే. పెద్దయ్యాక మొదలవడం రొయ్యల విషయంలో మామూలే. ఎంత ఉడికించినా ఆ ప్రోటీన్ పోదు, పీతల్లోనూ అదే. చేపల ఎలర్జీ వేరు, దానికి పార్వాల్బుమిన్ అనే వేరే ప్రోటీన్ కారణం, కాబట్టి చేపలు పడొచ్చు, కానీ రొయ్యలు వేయించిన నూనెలో వేయించొద్దు.

బీచ్‌రోడ్ బాబాయ్:
బొద్దింకల్లో, పరుపుల్లో ఉండే దుమ్ము పురుగుల్లో కూడా ఇదే రకం ప్రోటీన్ ఉంటది. వాటితో మొదలైన ఎలర్జీ రొయ్యలకీ పాకొచ్చు, మన ఊరి తేమకి ఆ పురుగులకి పండగే. రొయ్య అంటే సముద్రం బొద్దింక అని మా తాత ఊరికే అన్లేదు 😂

సిరి:
నవ్వులు సరే, మూడోసారి టెస్ట్ చేద్దామని మాత్రం తినకండి ప్లీజ్. 1902లో రిషె, పోర్టియే అని ఇద్దరు ఫ్రెంచి సైంటిస్టులు కుక్కలకి సముద్రపు జీవి విషం కొంచెం ఎక్కించి తట్టుకునే శక్తి వస్తదనుకున్నారు, కొన్ని వారాలకి అంతకంటే తక్కువ డోసిస్తే నిమిషాల్లో చచ్చిపోయాయి. ఒళ్ళంతా ఒక్కసారిగా ముంచుకొచ్చే ప్రాణాంతకమైన ఎలర్జీకి అనాఫిలాక్సిస్ అన్న పేరు అలా పుట్టిందే, రిషెకి 1913లో నోబెల్ కూడా వచ్చింది. ఈసారి గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా సిట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్ర వేసుకుని కూర్చోకూడదు, తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఈలోపు ఎలర్జీ డాక్టర్ దగ్గర చర్మం టెస్ట్ చేయించుకోండి.

వాల్తేరు కుర్రోడు:
థాంక్స్ అండీ, ఈ వారమే వెళ్తా. ఫ్రిజ్‌లో అరకేజీ ఉన్నాయి, పక్కింటోళ్ళకి ఇచ్చేస్తా, అమ్మకి మాత్రం దిష్టి కాదని ఎలా చెప్పాలో...