రాత్రయితే నెట్ స్పీడ్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న:
మాది 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. పగలు ఫోన్‌లో 180 దాకా వస్తుంది. రాత్రయ్యేసరికి ఒకసారి 90, మరుక్షణం 5. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడితే మాత్రం పగలైనా రాత్రయినా 94 దగ్గరే ఆగుతోంది. కస్టమర్ కేర్‌వాళ్లు "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు తప్ప మరో మాట లేదు. మీటింగ్‌లో నా గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తోందట, ఒకటే టెన్షన్.

జవాబు 1:
ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ. కేబుల్‌లో రాత్రి కూడా 94 నిలకడగా వస్తోందంటే మీ లైన్ దాదాపు బాగున్నట్టే. 94 దగ్గర ఆగడం ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య కనెక్షన్ (లింక్) 100 ఎంబీపీఎస్‌కే కుదిరిందనడానికి గుర్తు. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్‌లోని 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు. ఒక్క తీగ తెగినా లింక్ 100కి దిగిపోవచ్చు. గిగాబిట్‌కి సరిపోయే క్యాట్ 5ఈ రకం కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ మారకపోతే రౌటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో 100ది అయ్యుండొచ్చు.
రాత్రి ఊగిసలాట వైఫైది. అందరూ ఇళ్లకు చేరాక, చుట్టుపక్కల వైఫైలన్నీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కిక్కిరిసిపోతుంది. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. కుదరకపోతే రౌటర్ సెట్టింగుల్లో 2.4కి 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది పెట్టండి. రౌటరే ఛానెల్ ఎంచుకునే ఆటోని నేనైతే నమ్మను.

జవాబు 2:
గొంతు తెగడానికి అప్‌లోడ్ కూడా కారణం కావచ్చు. ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే పింగ్ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎంతుందో చూడండి. 20 మిల్లీసెకన్లది 300కి పోతే, రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటాకి ముందు దారివ్వాలో చెప్పే సెట్టింగ్) పెట్టి అప్‌లోడ్‌ని కాస్త తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్ మార్చాక 190 వస్తోంది! ఫోన్ కూడా 5 గిగాహెర్ట్జ్‌లో నిలకడగా ఉంది, పడగ్గదిలో తప్ప. అక్కడికి సిగ్నల్ గోడ దాటట్లేదు. బ్యాకప్ సంగతి ఈ రాత్రి చూస్తాను.