డచ్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐండ్‌హోవెన్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా నెదర్లాండ్స్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో పనంతా ఇంగ్లిష్‌లోనే, ఇబ్బంది లేదు. కానీ శుక్రవారం సాయంత్రం అందరం చేరినప్పుడు ఏదో పాట రాగానే చుట్టూ ఉన్నవాళ్లంతా గొంతు కలుపుతారు. నేను గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడతాను. డిసెంబర్ ఆఖర్న రేడియోలో రెండు వేల పాటలు వేస్తారట కదా, దానికి ఓటు వెయ్యమని మా టీమ్‌లో ఒకాయన లింక్ పంపారు. అందులో నాకు తెలిసినవన్నీ ఇంగ్లిష్ పాటలే. డచ్ వాళ్లలో ఎవరితో మొదలుపెట్టమంటారు? మా ఆవిడ భాష నేర్చుకుంటోంది, తనకీ పనికొస్తే మరీ సంతోషం.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి, పదహారేళ్లుగా ఇక్కడే:

తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. నేను వచ్చిన కొత్తలో హిట్ల జాబితా ముందేసుకుని వరసగా విన్నాను. ఒక్కటీ మనసుకు పట్టలేదు. తర్వాత ఒకే ఈడు వాళ్లను పట్టుకుని వాళ్ల వెంట వెళ్లాను, అప్పుడు దారి దొరికింది. నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఐదారేళ్లలో పుట్టినవాళ్ల గురించి. వాళ్లలో కొందరు ఇంగ్లిష్‌లో పాడారు, కొందరు ఇంటి భాషలో పాడారు. ఆ ఒక్క తేడాతో జీవితాలు ఎటెటు వెళ్లాయో చూడు.

ఇంగ్లిష్ దారిలో గోల్డెన్ ఇయరింగ్. 1961లో ద హేగ్‌లో ఇరుగుపొరుగు కుర్రాళ్లు ఇద్దరు మొదలుపెట్టిన బృందం. వాళ్లలో జార్జ్ కోయ్‌మన్స్‌కి అప్పుడు పదమూడేళ్లు. 1967లో గాయకుడిగా వచ్చిన బ్యారీ హే పుట్టింది మన ఫైజాబాద్‌లో, 1948లో! ఈ మాట మీ ఆఫీసులో చెప్పి చూడు, వాళ్లలోనే చాలామందికి తెలియదు. 1973లో వచ్చిన 'రాడార్ లవ్' అమెరికా, బ్రిటన్ దాకా వెళ్లింది. రాత్రంతా కారు నడుపుతూ వెళ్లేవాడి పాట అది. 1970 నుంచి అదే నలుగురు ప్రధానంగా యాభై ఏళ్లు కలిసి వాయించారు. 2021లో కోయ్‌మన్స్‌కి ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడే నరాల జబ్బని తెలిశాక, ఆయన లేకుండా వద్దని మొత్తానికే ఆపేశారు. ఆయన 2025లో పోయారు. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టుకుని ఊళ్లు తిరగొచ్చు, టిక్కెట్లు అమ్ముడుపోయేవే. వాళ్లు అలా చెయ్యలేదు. అందుకే వాళ్లంటే నాకు అంత గౌరవం.

డచ్‌లో పాడిన డూ మార్ బృందం కథ వేరు. హెన్నీ వ్రీన్టెన్, ఎర్న్‌స్ట్ యాన్స్ ఇద్దరూ 1948లోనే పుట్టారు. జమైకా వాళ్ల రెగే తాళానికి రోజువారీ డచ్ మాటలు కట్టారు. అణుబాంబు పడితే ఈ చదువులూ ఉద్యోగాలూ దేనికని అడిగే 'డె బోమ్' 1982 నాటిది. ముప్ఫై దాటిన మనుషులకి పదమూడేళ్ల ఆడపిల్లలు కేకలు పెడుతూ వెంటపడ్డారు. ఆ ఒత్తిడి భరించలేక 1984లో, పేరు శిఖరాన ఉండగానే బృందాన్ని రద్దు చేశారు. వ్రీన్టెన్ తర్వాత సినిమాలకు సంగీతం చేస్తూ 2022 వరకూ బతికారు. యాన్స్ పుస్తకాలు రాశారు. మీ ఆఫీసులో యాభై దాటినవాళ్ల దగ్గర ఈ పేరు ఎత్తు, మొహాలు వెలిగిపోతాయి.

ఇక ఆంద్రే హాజెస్. నాకు అందరిలోకీ దగ్గరైనవాడు. 1951లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని డె పైప్ అనే పేదల పేటలో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడే ఆల్బర్ట్ కైప్ సంతలో నిలబడి పాడాడు. పెద్దయ్యాక బార్‌లో గ్లాసులు అందించే పని చేస్తూ 1976లో ఒంటరి క్రిస్మస్ గురించి పాడిన పాటతో జనానికి తెలిశాడు. చదువుకున్నవాళ్లు ఆ పాటల్ని చాలాకాలం చిన్నచూపు చూశారు. 2004లో ఆయన పోయినప్పుడు అయాక్స్ ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో శవపేటిక పెడితే దాదాపు యాభై వేల మంది వచ్చారు.

మా పక్కింటి పెద్దాయన రిటైరైన లారీ డ్రైవరు. మూడేళ్లపాటు మా మధ్య 'హోయ్' అనే పలకరింపు తప్ప ఇంకో మాట లేదు. ఒకసారి పుట్టినరోజుకి పిలిచారు. గోడ వెంబడి గుండ్రంగా కుర్చీలు, చేతిలో కాఫీ, ఒక్కొక్క ముక్క కేకు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. రాత్రి తొమ్మిదింటికి ఆయన భార్య హాజెస్ పాట పెట్టింది, 'జై ఖెలోఫ్ట్ ఇన్ మై', ఆమెకి నా మీద నమ్మకం అని. పెద్దాయన లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని పాడాడు. నాకు పల్లవి ఒక్కటే వచ్చు, అదే కలిపాను. మర్నాడు పొద్దున్నే తన తోటలోని బంగాళాదుంపలు సంచిలో పోసి మా గుమ్మం ముందు పెట్టి వెళ్లాడు. పదేళ్లయింది, ఇప్పటికీ మా ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది.

మీ ఆవిడకైతే బౌడవైన్ డె ఖ్రూట్ మంచిది. ఈయన కొంచెం ముందువాడు, 1944. ప్రతి మాటా విడివిడిగా వినపడుతుంది. 'ఆవొంట్' అంటే సాయంత్రం అనే పాట వినమను. 2005లో ఆ రెండు వేల పాటల్లో మొదటి స్థానం దానిదే, ఎప్పుడూ పైనుండే, క్వీన్ అనే బ్రిటిష్ బృందం పాటని దాటింది.

ద హేగ్ నుంచి:

అన్నగారి మాటకి ఒకటి కలుపుతాను. డె ఖ్రూట్ పుట్టింది డచ్ వాళ్ల వలస రాజ్యంగా ఉన్న ఇండోనేషియాలో, అప్పటికి ఆ దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. తల్లి నిర్బంధ శిబిరంలోనే పోయింది. డూ మార్ యాన్స్ వాళ్ల నాన్న అక్కడివాడే. అమెరికాలో పేరు తెచ్చుకున్న రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, వాళ్లమ్మ జావా నుంచి. వీళ్లందరికంటే ముందు, 1957లో, టీల్‌మన్ బ్రదర్స్ అనే అన్నదమ్ముల బృందం ఇండోనేషియా నుంచి వచ్చి ఈ దేశపు కుర్రాళ్లకి ఎలక్ట్రిక్ గిటార్ అంటే ఏమిటో చూపించారు. మా తాతగారు బర్మా నుంచి నడిచి వచ్చినవారు. విశాఖలో బర్మా క్యాంపు చుట్టుపక్కల పెరిగిన నాకు ఈ కథలు పరాయివి కావు. వదిలి వచ్చిన ఊరి వంటా పాటా ఇంట్లో ఎలా మిగులుతాయో నాకు తెలుసు. మీ ఆఫీసులో ఎవరి అమ్మమ్మో ఇండోనేషియా నుంచి వచ్చి ఉంటుంది, అడగండి. చెప్పడానికి వాళ్లకి చాలా ఉంటుంది.

ఐండ్‌హోవెన్ నుంచి, కొత్త సభ్యుడు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 'ఆవొంట్' నాలుగుసార్లు విన్నాం, మా ఆవిడ మాటలు రాసుకుంది. హాజెస్ మాత్రం నాకు సగం అర్థం కాలేదు. వచ్చే వారం ఆమ్‌స్టర్‌డామ్ వస్తున్నాం, ఆ సంత చూడొచ్చా?

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి:

అర్థం కాకపోవడం నీ తప్పు కాదు, అది ఆమ్‌స్టర్‌డామ్ యాస. మీ బ్రబంట్ వైపు 'ఖ' మెత్తగా పలుకుతారు, ఇక్కడ గొంతులోంచి గీరినట్టు వస్తుంది. వింటుంటే అదే అలవాటవుతుంది. సంత దగ్గర హాజెస్ విగ్రహం కూడా ఉంది, చూపిస్తాను. ముందు రోజు ఫోన్ చెయ్యి, భోజనం మా ఇంట్లోనే. శనివారం రండి, ఆదివారం సంత ఉండదు.